సమస్య: పాతిపెట్టిన పీనుగు పలుకరించె

ఈ వారం ఛందస్సు తేటగీతి, నాలుగు పాదాల పద్యం. పై సమస్యే చివరి పాదం, మిగతా మూడూ రాసి పూరించాలి. బెంగళూరు మిత్రులకు ఒక షరతు: శ్మశానాలూ దయ్యాలూ వద్దు. పీనుగును పెరట్లోకి దించండి. ఎండిపోయి, మళ్లీ మొలిచే దుంపమొక్కల మీదే పూరణ రావాలి.

జయనగర్ సభ్యుడు:

కంద గడ్డను మట్టిలోఁ గప్పియుంటి
మాఘమందున నీరైన మానివేసి
జల్లు పడినంత గుప్పున శవపు కంపు!
పాతిపెట్టిన పీనుగు పలుకరించె

నిర్వాహకుడు: భేష్! కందపువ్వు కంపు ఎరిగినవాళ్లకే తట్టే పూరణ ఇది. ఆకు కంటే ముందే పువ్వు నేలలోంచి లేస్తుంది, తనంతట తానే వేడెక్కి కుళ్లిన మాంసం వాసన కొడుతుంది. ఆ వాసనకు పెంకు పురుగులు మూగితేనే దానికి పరాగసంపర్కం. కంద బచ్చలి కూర లొట్టలేసుకుంటూ తినేవాళ్లలో ఎందరికి తెలుసో! రెండో పాదం కూడా నిజం, నిద్రలో ఉన్న దుంపకు నీళ్లు పోస్తే కుళ్లుతుంది. కానీ మూడో పాదంలోనే ‘శవపు’ అనేశాక నాలుగో పాదంలో పీనుగుకు చమత్కారం ఏం మిగిలింది? ఇలా మార్చి చూడండి:

జల్లు పడగానె పూమొగ్గ చల్లెఁ గంపు

జయనగర్ సభ్యుడు: సవరణ బాగుంది గురువుగారూ. పోయినేడు ఈ కంపుకే మా పైఅంతస్తు వాళ్లు ఎలుక చచ్చిందని సంపు మూత తీయించారు.

మల్లేశ్వరం సభ్యురాలు: ఫుట్‌బాల్ లిల్లీ మీద నాది.

ఆకులన్నియు వాడిన యట్టి లిల్లి
మడిసె, పడవేయ మేలని మాలి చెప్పె
ఎఱ్ఱ బంతియై పైకొచ్చె నిపుడు చూడ
పాతిపెట్టిన పీనుగు పలుకరించె

నిర్వాహకుడు: ధార హాయిగా ఉందమ్మా. ‘పైకొచ్చె’ మాటల్లో సరే, పద్యంలో ‘పైలేచె’ అంటే గణం (గురులఘువుల లెక్క) కూడా చెడదు. అసలు చిక్కు వేరే. మాలి పారెయ్యమన్నాడు, మరి పాతిపెట్టింది ఎవరు? సమస్యలోని ప్రతి మాటకూ పై పాదాల్లో ఆధారం ఉండాలి.

వైట్‌ఫీల్డ్ సభ్యుడు: నాదొక సందేహం అండీ. వసంతం రాకముందే, ఫాల్గుణం చివరికే రోడ్ల పక్కన టబెబూయా చెట్లు గులాబి రంగులో విరగబూస్తాయి. మా కుండీల్లో మాత్రం అప్పటికి ఒక్క మొలకా ఉండదు.

నిర్వాహకుడు: ఉండదు. ఇక్కడ మంచు పడదు కదా! మన దుంపలను నిద్రపుచ్చేది ముఖ్యంగా నేలలో తడి లేకపోవడమే. ఉగాది దాటి మామిడి జల్లులు, అంటే వేసవి వానలు, పడ్డాకే కదులుతాయి. చలిదేశాల తోటపని వీడియోలు చూసి మార్చిలోనే కుండీలు కుళ్లగించేవాళ్లతోనే నాకు టెన్షన్. మీ పూరణ ఏదీ?

వైట్‌ఫీల్డ్ సభ్యుడు: పసుపు మీద ఒక్క పాదమే కుదిరింది.

వాన చినుకుల తడికి మేల్కొనెను దుంప

నిర్వాహకుడు: గణాలు సరే, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడుగా రావలసిన అక్షరం) తప్పింది. ‘వా’కు ‘ల్కొ’తో మైత్రి లేదు. ఇలా అనండి:

వాన తడి తాకి దుంపకు వచ్చెఁ దెలివి

మిగతా రెండు పాదాల్లో పసుపు అన్న మాట పడాలి, లేకపోతే అదీ కందే అనుకుంటారు.