కబ్జా "కాని" సరుకా, కబ్జా "లేని" సరుకా?

తిరుపతి నుంచి ప్రశ్న:
మా నాన్న చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా ఉన్నప్పుడు పక్క కొట్టు సాయిబు గారు ఒక మాట అనేవారు. "కబ్జా ... సరుకు అమ్మితే బర్కత్ ఉండదు." బర్కత్ అంటే దైవానుగ్రహంతో వచ్చే వృద్ధి. మధ్యలోది "కాని"నా, "లేని"నా? మొన్న మా తమ్ముడు ఫోన్లో బంగారం కొని, చేతికి రాకముందే అమ్మేశాడు. అప్పటినుంచి ఆ మాట నన్ను వదలడం లేదు.

పలమనేరు:
"కాని"యే అన్నా, సందేహం లేదు. ఇది మన పేపర్లలోని భూకబ్జా కాదు, అరబీ ఖబ్జ్, అంటే చేతికి రావడం. ధాన్యం కొన్నవాడు అది చేతికందేదాకా తిరిగి అమ్మరాదని హదీసు, అంటే ప్రవక్త మాట. జరగాల్సిన పని కాబట్టి "కాని".

పుంగనూరు:
అది ఒక హదీసే తమ్ముడూ. తన అనుచరుడు హకీం ఇబ్న్ హిజాంతో ప్రవక్త "నీ దగ్గర లేనిది అమ్మకు" అన్నది ఇంకొకటి. సాయిబు గారి మనసులో అదే ఉండి ఉంటుంది. "కబ్జాలో లేని" అన్నదాంట్లో "లో" జారిపోయింది, అంతే.

పలమనేరు:
క్రయపత్రంలో "స్వాధీనపరచినాను" అనే కదక్కా రాస్తారు? అది క్రియ. "లో" జారిందని ఊహించుకోవడం దేనికి?

చిత్తూరు:
ఆ ఒక్క అక్షరం మీదే తమ్ముడి బేరం ఉంది. 1990లో జెద్దాలో ఫిఖ్ అకాడమీ, అంటే ఇస్లామీ ధర్మశాస్త్ర పండితుల సభ, ఒకరికొకరు ఎదురుగా లేనివాళ్లు కూడా టెలెక్స్, ఫ్యాక్స్, కంప్యూటర్ తెర మీద ఈజాబ్ (ఇస్తాననడం), కబూల్ (ఒప్పుకోవడం) చేసుకోవచ్చని తీర్మానించింది. మూడింటికి మినహాయింపు. నికాహ్‌కు, అంటే పెళ్లికి, సాక్షులు కావాలి. సర్ఫ్‌కు, అంటే డబ్బు మారకానికి, అక్కడికక్కడే ఇచ్చిపుచ్చుకోవాలి. సలమ్‌కు, అంటే సరుకు తర్వాత అందించే బేరానికి, సొమ్ము ముందే ముట్టాలి. అప్పుడే ఖాతాలో జమ కావడాన్ని కూడా హుక్మీ ఖబ్జ్‌గా, అంటే చేతికి వచ్చినట్టుగానే, ఒప్పుకుంది. బంగారాన్ని చాలామంది ఉలమా, అంటే ధర్మపండితులు, సర్ఫ్ కిందే చూస్తారు. "కాని" అనుకుంటే తమ్ముడి పేరిట జమ అయిన క్షణమే చూడాలి. "లేని" అనుకుంటే ఆ బంగారం నిజంగా ఎక్కడో అతని పేరిట విడిగా ఉందా అని అడగాలి.

తిరుపతి, రిటైర్డ్ తెలుగు మాస్టారు:
నాకు పోతన బలి గుర్తొచ్చాడు. ఇస్తానన్న మాట అయిపోయింది, అయినా శుక్రుడు అడ్డుపడింది ఎక్కడ? కలశం ధార దగ్గర. నీళ్లు చేతిలో పడితేనే దానం. ఆ చేయి కింద, నా చేయి పైన ఉండటం కంటే మేలేముందని బలి మురిసిపోయే పద్యం చదువుతుంటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

పలమనేరు:
కానీ మాస్టారూ, బలి గొప్పతనం ధారలో కాదు, మాట తప్పకపోవడంలో ఉంది. నా లెక్కలో అది కబూల్.

తిరుపతి, రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అయితే శుక్రుడు కన్ను పోగొట్టుకున్నది దేనికి నాయనా?

తిరుపతి, ప్రశ్న వేసినవారు:
ఇప్పుడే నాన్నకు ఫోన్ చేశాను. సాయిబు గారు "కబ్జా కాక మునుపే" అనేవారని ఆయన గట్టిగా చెబుతున్నారు.

పుంగనూరు:
"మునుపే" అంటే మాట పొడుగైపోయింది, లయ కుదరదు. నాన్నగారిని ఇంకొక్కసారి అడగండి.