కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే ప్రోగ్రాములను ఆపడం ఎలా?

ప్రశ్న: మా ఇంట్లోని విండోస్ 10 కంప్యూటర్ ఆన్ చేయగానే ఏడెనిమిది ప్రోగ్రాములు వాటంతటవే తెరుచుకుంటున్నాయి, డెస్క్‌టాప్ నిండా షార్ట్‌కట్లే. ఈ షార్ట్‌కట్లను తీసేస్తే ప్రోగ్రాములు కూడా పోతాయా?

జవాబు: పోవండి. షార్ట్‌కట్ దారి చూపే చిన్న ఫైలు మాత్రమే. ఐకాన్ మూలన వంపు బాణం ఉంటే నిశ్చింతగా తొలగించవచ్చు. లేకపోతే అది అసలు ఫైలే కావచ్చు కనుక తొందరపడకండి.

మరో జవాబు: కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే వచ్చే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిచి, కంప్యూటర్ ఆన్ అయ్యే వేగంపై ప్రభావం ‘హై’ (ఎక్కువ) అని ఉన్నవాటిలో రోజూ వాడనివాటిని డిసేబుల్ చేయండి. యాంటీవైరస్ జోలికి మాత్రం వెళ్లవద్దు.

ప్రశ్న అడిగినవారు: అయిదింటిని ఆపాను. పొరపాటున తెలుగు కీబోర్డు ప్రోగ్రామునూ ఆపేసి, అక్షరం పడక కంగారుపడి, మళ్లీ ఎనేబుల్ చేశాను. ధన్యవాదాలండీ.