అప్‌డేట్: కోహాలో తెలుగు శీర్షికలు సెర్చ్‌కి దొరక్కపోవడం – పరిష్కారమైంది

గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహాలో పుస్తకం రికార్డు తెరిస్తే 245$ఎ (శీర్షిక రాసే మార్క్ ఫీల్డ్) లో తెలుగు శీర్షిక చక్కగా కనిపిస్తుంది, సెర్చ్‌లో మాత్రం రాదు, ఇంగ్లిష్ శీర్షికలు వస్తాయి. ఇదీ నా ప్రశ్న. సాయం చేసినవారందరికీ ధన్యవాదాలు.

కోహా సెర్చ్ ఇంజిన్ అయిన జీబ్రాలో ఇండెక్సింగ్ సీహెచ్‌ఆర్ (క్యారెక్టర్ పట్టిక) పద్ధతిలో ఉండటమే కారణం. ఆ క్యారెక్టర్ పట్టికలో తెలుగు అక్షరాలు లేవు. యూనికోడ్ లిపులను గుర్తించే ఐసీయూ పద్ధతికి మార్చమన్న సలహా పనిచేసింది. జీబ్రా కాన్ఫిగరేషన్‌లోని డిఫాల్ట్.ఐడీఎక్స్ ఫైల్లో 'క్యార్‌మ్యాప్' లైన్ల ముందు # పెట్టి పనిచేయకుండా చేసి, పదాల ఇండెక్స్‌కి, పదబంధాల ఇండెక్స్‌కి వాటివాటి 'ఐసీయూచైన్' లైన్లు ఇవ్వాలి. పదాలకు ఒక్కదానికే మార్చి వదిలేస్తే శీర్షిక మొత్తం టైప్ చేసే వెతుకులాట సరిగా రాదు. తర్వాత యూజ్‌ఐసీయూతో మొదలయ్యే సిస్టమ్ ప్రిఫరెన్స్ ఆన్ చేసి, జీబ్రా రీస్టార్ట్ చేసి, కోహా-రీబిల్డ్-జీబ్రాని -ఎఫ్ ఆప్షన్‌తో నడపాలి. ఈ పూర్తి రీఇండెక్స్ లేకపోతే పాత రికార్డులు పాతలాగే ఉంటాయి.

ఫాంట్లకీ, ఓపాక్ (పాఠకులు చూసే ఆన్‌లైన్ కేటలాగ్) తెలుగు భాషా ప్యాక్‌కీ దీనితో సంబంధం లేదు. రికార్డు యూనికోడ్‌లో ఉందని చెప్పే లీడర్ 09లో 'ఎ' ముందే ఉంది, కాబట్టి అదీ కారణం కాదు.

ఒక హెచ్చరిక: అను ఫాంట్లలో టైప్ చేసిన పాత జాబితాలు యూనికోడ్ కావు. వాటిని మార్చకుండా దిగుమతి చేస్తే ఐసీయూ కూడా ఏమీ చేయలేదు.