బీరువా అమ్మేసి గోడంతా వార్డ్‌రోబ్ చేయించాలా?

సాగరతీరం (విశాఖపట్నం):
మధురవాడలో రెండు పడకగదుల ఫ్లాట్ తీసుకున్నాం. పెద్ద పడకగదిలో తొమ్మిదడుగుల గోడ ఖాళీగా ఉంది. ఆ గోడంతా నేల నుంచి సీలింగ్ దాకా స్లైడింగ్ తలుపుల వార్డ్‌రోబ్ వేస్తామని ఇంటీరియర్ వాళ్లు డ్రాయింగ్ ఇచ్చారు. లోపల సగానికి పైగా హ్యాంగర్ రాడ్లే. అది వస్తే మా అత్తగారి ఇనప బీరువాకు గదిలో చోటుండదు, అమ్మేయమంటున్నారు. మా ఆయన సరే అన్నారు, అత్తయ్య ససేమిరా అంటున్నారు. అత్తయ్యతో, ఇద్దరు పిల్లలతో ఐదుగురం. చిన్నది ఇంకా చంటిపిల్ల. పట్టుచీరలు అత్తయ్యవీ నావీ కలిపి చాలానే ఉన్నాయి. సముద్రం దగ్గర కాబట్టి వానాకాలం బట్టలకు ముక్క వాసన వస్తుంది. నాకు ఎటూ తేలడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఇనుపపెట్టె (విజయవాడ):
బీరువా అమ్మొద్దమ్మా. మీ అత్తగారి మాట వినండి. గోద్రెజ్ వాళ్లు ఉక్కు బీరువాలు మొదలుపెట్టింది 1923లో. తర్వాత మన ఊళ్లలో వెల్డింగ్ షాపులో చేయించినదాన్ని కూడా గోద్రెజ్ బీరువా అనే పిలుచుకున్నాం. చెద పట్టదు, ఎలుక కొరకదు, లాకరుకు వేరే తాళం ఉంటుంది. ఇల్లు మారితే వెంట వస్తుంది. గోడకు బిగించిన వార్డ్‌రోబ్‌ని రేపు ఫ్లాట్ అమ్మితే మోసుకెళ్లగలరా? లక్షలు పోసి చేయించింది కొన్నవాళ్ల పాలవుతుంది.

డాలస్ చీరలు:
అంకుల్, నేను ఒప్పుకోను. బీరువాలో చీర మీద చీర పేర్చుకుంటూ పోతే అడుగున ఉన్నవి మర్చిపోతాం. ఇక్కడ ఇళ్లలో పడకగదికి ఆనుకుని బట్టల గది కట్టే ఇస్తారు, అంతా హ్యాంగర్లే. తలుపు తీస్తే నా చీరలన్నీ కళ్ల ముందుంటాయి, అందుకే అన్నీ కడుతున్నాను. కనబడని చీర ఎవరూ కట్టరు. సాగరతీరం గారూ, రాడ్లు ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

ప్లైపని (రాజమండ్రి):
వడ్రంగం నా వృత్తి. గోడంతా వార్డ్‌రోబ్ వేస్తే నాలాంటివాళ్లకే పని. అయినా ఆ డ్రాయింగ్ మార్పించండి అనే చెబుతాను.

హ్యాంగర్ వెడల్పు 17, 18 అంగుళాలు ఉంటుంది. అది అడ్డంగా పట్టాలంటే లోతు 24 అంగుళాలు కావాలి. స్లైడింగ్ పెడితే ఒకదాని ముందు ఒకటి జరిగే తలుపులకే మూడు అంగుళాల పైన పోతుంది. పైగా ఎప్పుడు తీసినా సగం అలమారే కనబడుతుంది. ఇద్దరు ఒకేసారి బట్టలు తీసుకోలేరు. మంచానికీ అలమారకూ మధ్య రెండున్నర అడుగులు మిగిలితే మామూలు తెరిచే తలుపులే పెట్టించండి. స్లైడింగ్ పట్టాల్లో దుమ్ము చేరితే మూడు నాలుగేళ్లకు చక్రాలు పట్టేస్తాయి. ఆ రిపేర్లు నేను చాలా చేశాను.

చెక్క సంగతి. సముద్రం ఊరు కాబట్టి పెట్టెకు 18 ఎంఎం మెరైన్ ప్లై, అంటే నీళ్లను తట్టుకునే రకం, అడగండి. షీటు మీద దానికిచ్చే భారత ప్రమాణం ఐఎస్ 710 ముద్ర మీ కళ్లతో చూశాకే కోయనివ్వండి. మామూలు ప్లై ప్రమాణమైన ఐఎస్ 303లో వచ్చే ఎంఆర్ రకం మామూలు తేమనే తట్టుకుంటుంది, నీళ్లు తగిలితే పొరలు విడిపోతాయి. పార్టికల్ బోర్డు వద్దే వద్దు. చెమ్మకు ఉబ్బుతుంది, బట్టల బరువుకు అర మధ్యలో కుంగుతుంది. ప్లై అయినా సరే, ఒక్క అర మూడడుగులు దాటితే మధ్యలో ఆధారం ఉండాలి.

అన్నిటికంటే ముందు ఆ గోడ బయటి గోడా, దాని వెనక బాత్‌రూమ్ ఉందా చూడండి. చెమ్మ ఉన్న గోడకు ఏ చెక్క బిగించినా వెనక బూజు పడుతుంది.

ఇనుపపెట్టె (విజయవాడ):
నేను చెప్పేదీ అదే కదా బాబూ. ఇనుముకు ఈ బాధే లేదు.

ప్లైపని (రాజమండ్రి):
అంకుల్, బెజవాడలో లేదు. విశాఖలో ఉప్పుగాలికి బీరువా అడుగు రేకు, తలుపు కింది అంచు తుప్పు పడతాయి. నేల తడిగుడ్డ పెట్టినప్పుడు కాళ్ల దగ్గర నీళ్లు నిలిచినా అంతే. కాళ్ల కింద దిమ్మలు వేసి, గోడకు రెండు మూడు అంగుళాలు ఎడం ఉంచి, పెచ్చు లేచినచోట గీకి తుప్పును ఆపే రెడాక్సైడ్ రంగు పూస్తే ఇంకో తరం వాడుకోవచ్చు.

చేనేత ఇల్లు (ధర్మవరం):
డాలస్ అక్కా, కనబడితేనే కడతాం అన్నది నిజమే. కానీ బరువైన పట్టును హ్యాంగర్‌కు వేయకండి. మాది మగ్గం పెట్టుకున్న ఇల్లు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. చీర బరువంతా కడ్డీ మీద ఆనే ఒక్క గీత మీద పడుతుంది. పైట కొంగు వైపు జరీ ఎక్కువ, అటే లాగుతుంది. నెలల తరబడి అలా వదిలేస్తే ఆ గీత దగ్గర పోగులు బలహీనపడి చివరికి అక్కడే చిరుగుతుంది. మడతకూ ఈ ప్రమాదం ఉంది, అందుకే ఏడాదికి మూడు నాలుగుసార్లు తీసి, నీడలో గాలికి ఆరేసి, మడత చోటు మార్చి పెట్టాలి.

అసలు జరీలో వెండి ఉంటుంది. గాలికి, చెమటకు, సెంటుకు నల్లబడుతుంది. పాత నూలు పంచె ఉతికి అందులో చుట్టండి. షాపువాళ్లిచ్చే ప్లాస్టిక్ కవరు వెంటనే తీసేయండి, చెమ్మ లోపలే నిలిచిపోతుంది. ఒకదానిమీద ఒకటి నాలుగైదు చీరలకు మించి పేర్చొద్దు.

డాలస్ చీరలు:
పట్టు విషయంలో నీ మాటే వింటాను తమ్ముడూ. ఈ వారాంతం కంచిపట్టువన్నీ దించేస్తాను. కానీ జార్జెట్, షిఫాన్, లినెన్, రోజూ ఆఫీసుకు కట్టే నూలు చీరలు హ్యాంగర్‌కే ఉండాలి, ఆ మాట మీదే ఉన్నాను. చీర పన్నా 46 అంగుళాలు, మధ్యకు వేస్తే కిందికి 23. కొక్కెంతో కలిపి మూడడుగుల ఎత్తు చాలు. ఒకదాని కింద ఒకటి రెండు రాడ్లు వస్తాయి. మడతపెట్టిన పట్టుచీరలన్నిటినీ ఫొటో తీసి ఫోన్‌లో ఒక ఆల్బమ్ చేసుకుంటే అడుగున ఏముందో మర్చిపోం.

పిల్లల వార్డు (కరీంనగర్):
చంటిపిల్ల ఉందన్నారు కాబట్టి ఈ మాట చెప్పకుండా ఉండలేను. వార్డ్‌రోబ్ అయినా బీరువా అయినా కలరా ఉండలు వేయకండి. అవి నాఫ్తలీన్. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు ఆ ఆవిరి తగిలినా ఎర్ర రక్తకణాలు చితికి రక్తం తగ్గుతుంది, కామెర్లు ముదురుతాయి. పరీక్ష చేయించకపోతే ఆ లోపం ఉందని తెలియదు. అటక మీద కలరా ఉండలతో దాచిన పాత దుప్పటిని నేరుగా పసిబిడ్డకు చుట్టడం మన ఇళ్లలో మామూలే, దయచేసి ఆ పని చేయొద్దు. ఉతికి ఎండలో బాగా ఆరేశాకే వాడాలి. బాగా ఎండిన వేపాకు, వట్టివేళ్లు గుడ్డలో కట్టి పెట్టుకోండి. అయితే వాటి మీదే భారం వేయొద్దు. పురుగు ఎక్కువగా వచ్చేది చెమట, తిండి మరకలున్న బట్టకే. ఒకసారి కట్టినదాన్ని ఉతక్కుండా లోపల పెట్టకపోతే సగం బాధ తీరుతుంది.

ఉప్పల్ అద్దెఇల్లు:
అందరూ పెట్టె గురించే మాట్లాడుతున్నారు. సర్దింది సర్దినట్టు ఎందుకు ఉండదో కూడా చూడాలి కదా. మా ఇంట్లో గమనించింది చెబుతాను. ఒకపూట వేసి విప్పిన ప్యాంటు, గంటసేపు కట్టిన చీర ఉతకడానికి వేయబుద్ధి కాదు, ఉతికినవాటిలో కలపబుద్ధి కాదు. అవే కుర్చీ మీద గుట్టవుతాయి. పాత ఇళ్లలో వీటికోసమే దండెం ఉండేది. ఇప్పటి డ్రాయింగుల్లో దానికి చోటే లేదు. తలుపు వెనక కొక్కేలో, గాలి ఆడేలా ఒక అడుగు తెరిచిన భాగమో పెట్టించండి.

ఇస్త్రీ మూట వచ్చినప్పుడు దించడానికి నడుమెత్తులో ఒక ఖాళీ అర ఉండాలి. మనిషికో అర కేటాయించి, ఎవరి మూట వాళ్లే సర్దుకోవాలి. ఇల్లు సర్దడం మీద పుస్తకాలు రాసిన జపాన్ ఆవిడ మారీ కొండో చెప్పే నిలువు మడత పిల్లల బనియన్లకు, టీషర్టులకు సొరుగుల్లో బాగుంటుంది. కానీ ఇంట్లో ఒక్కరికే ఆ మడత వస్తే మిగతావాళ్ల బట్టలు మడిచే చాకిరీ కూడా ఆమెకే పడుతుంది. పిల్లల రాడ్డు మూడున్నర అడుగుల ఎత్తులో పెట్టండి, ఐదారేళ్ల పిల్లలు వాళ్లే తగిలిస్తారు.

సాగరతీరం (విశాఖపట్నం):
అందరికీ చాలా థాంక్స్. కలరా ఉండలు ఇవాళే తీసి పారేశాను. పాప ఉయ్యాల పక్కనే ఉంది ఆ బీరువా. అత్తయ్యకు ఈ చర్చంతా చదివి వినిపించాను. ఆవిడ అడిగిన ప్రశ్న ఇది: బీరువానే వార్డ్‌రోబ్ వరసలో కలిపేయలేమా? ఎత్తు ఆరున్నర అడుగులు, వెడల్పు మూడు, లోతు 20 అంగుళాలు.

ప్లైపని (రాజమండ్రి):
అత్తగారు బాగా అడిగారు. చేయొచ్చు. తొమ్మిదడుగుల్లో ఒక చివర మూడడుగుల ఆరు అంగుళాలు బీరువాకు వదలండి. పక్కలకు మూడేసి అంగుళాలు ఉంటే తలుపులు పూర్తిగా తెరుచుకుంటాయి. లోతులో నాలుగు అంగుళాలు వెనక గాలికి మిగులుతాయి. పైన అటక వేయొచ్చు, కానీ దాని బరువు బీరువా మీద ఆనకూడదు, బీరువాను బయటకు లాగేలా ఉండాలి. మిగిలిన ఐదున్నర అడుగుల్లో రెండడుగులు చీరల రాడ్లు, రెండడుగులు అరలూ సొరుగులూ, ఉప్పల్ వారు చెప్పిన దండెం భాగానికి ఒకటిన్నర. పట్టుచీరలు బీరువాలోనే ఉంచండి. గోడ వెనక ఏముందో మాత్రం ఇంకా చెప్పలేదు మీరు.

సాగరతీరం (విశాఖపట్నం):
బాత్‌రూమ్ ఉందండీ. గోడ కింద అడుగు ఎత్తున పెయింట్ పొక్కింది.

ప్లైపని (రాజమండ్రి):
అయితే ఇంటీరియర్ వాళ్లకు ఇంకా అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు ప్లంబర్‌ను పిలిచి లీకు పట్టించి, ఆ గోడ పూర్తిగా ఆరాకే కొలతలు తీయించండి.