మహేంద్రగిరి దిగువ కొండల్లో దారి తప్పకుండా ఉండాలంటే ఏం చేయాలి?

పలాస బాటసారి:
నమస్కారమండి. గత కార్తికంలో మేము నలుగురం శ్రీకాకుళం జిల్లా మందస దాటి మహేంద్రగిరి దిగువ కొండల్లోకి వెళ్లి, తిరిగి దిగేటప్పుడు దారి తప్పి రెండు గంటలకు పైగా తిరిగాము. ఎక్కేటప్పుడు ఒక్కటే అనిపించిన కాలిబాట దిగేటప్పుడు మూడుగా చీలి కనిపించింది. సిగ్నల్ లేక ఫోనులో మ్యాపు తెరుచుకోలేదు. మళ్లీ వెళ్లే ముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

ఉద్దానం వాసి:
మీకు జరిగినదే చాలామందికి జరుగుతుందండి. పశువుల బాటలు, కట్టెలకు వెళ్లేవారి బాటలు పక్కనుంచి వచ్చి అసలు దారిలో కలుస్తాయి కనుక, ఎక్కేవారికి అవి వీపు వెనుక ఉండిపోయి, దిగేవారికి మాత్రమే చీలికలుగా ఎదురవుతాయి. అందుచేత బాటలు కలిసిన ప్రతిచోటా ఆగి, వెనక్కి తిరిగి చూసి, ఆ వైపునే ఒక ఫోటో తీసుకోండి. పశువుల కాపరులు కనిపిస్తే "ఇది మందస దారేనా?" అని కాకుండా "ఈ దారి ఏ ఊరికి పోతుంది?" అని అడగండి, మొదటి ప్రశ్నకు మొహమాటంతోనైనా అవుననే జవాబు వస్తుంది.

విజయనగరం నుండి:
జీపీఎస్ ఉపగ్రహాల నుండి నేరుగా పనిచేస్తుంది. సిగ్నల్ కావలసింది మ్యాపు తెచ్చుకోవడానికే. ఇంటి దగ్గరే మ్యాపు డౌన్‌లోడ్ చేసుకుని, నడక మొదలుపెట్టిన చోటి నుండే దారిని నమోదు చేయండి.

పలాస బాటసారి:
ధన్యవాదాలండి. ఒకవేళ అప్పటికీ తప్పితే, గెడ్డ (కొండవాగు) వెంట కిందికి దిగడం మంచిదేనా?

ఉద్దానం వాసి:
నేనైతే దిగను. మన తూర్పు కనుమల్లో గెడ్డలు ఉన్నట్టుండి నిలువు బండల మీదుగా జారిపోతాయి. అక్కడ కాలు జారితే పైకి రావడం కష్టం. అనుమానం కలిగిన చోటే ఆగి, గుర్తున్న చివరి చోటుకు వెనక్కి నడవండి. సూర్యుడు కనిపించని వేళ మనిషి తిన్నగా వెళుతున్నాననుకుంటూనే చుట్టూ తిరుగుతాడని 2009లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు అడవిలో మనుషులను నడిపించి చూశారు. మందస వైపు వాలుకు కొండ పడమట ఉంటుంది కాబట్టి, డిసెంబరులో 5:20 ప్రాంతంలో అయ్యే సూర్యాస్తమయానికి చాలా ముందే అక్కడ నీడ కమ్ముతుంది. పైగా సాయంవేళ జీడితోటల్లోకి ఎలుగుబంట్లు వస్తాయి. ఎంత దూరం వెళ్లినా మధ్యాహ్నం 1 గంటకు వెనుదిరగండి, ఏ వేళకు తిరిగి వస్తారో కింది ఊరిలో ఒకరికి చెప్పి మరీ ఎక్కండి.