ఉద్దానం కోసం సైకిల్ యాత్ర: తొక్కాలా, ఆ డబ్బే ఇచ్చేయాలా?

వంశధార_రైడర్:
సంక్రాంతి తర్వాత వచ్చే శని, ఆదివారాల్లో శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి ఇచ్ఛాపురం వరకూ సైకిల్ యాత్ర పెట్టుకున్నాం. దాదాపు 130 కిలోమీటర్లు. రాత్రికి అక్కడే పడక, మర్నాడు వెనక్కి. ఒక్కొక్కరూ తెలిసినవాళ్ల దగ్గర కిలోమీటరుకి ఇంతని మాట తీసుకోవాలి. వచ్చినదంతా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్లలో డయాలసిస్‌కి తిరిగేవాళ్ల ఆటో ఖర్చుకి. ఎంట్రీ 1,500. జెర్సీ, భోజనాలు అందులోనే. 32 మంది పేర్లిచ్చారు. ఇంకెవరైనా వస్తారా?

ఉద్దానం_కొబ్బరితోట:
జెర్సీ ఒక్కోటి ఎంత?

వంశధార_రైడర్:
650.

ఉద్దానం_కొబ్బరితోట:
అంటే 32 మందికి 20,800. మా నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. వచ్చేటప్పుడు నీరసంగా ఉంటారు, షేర్ ఆటోలో కూర్చోలేరు. రానూపోనూ 400 ఇచ్చి ఆటో మాట్లాడుకుంటాం. మీ చొక్కాల డబ్బుతో 17 వారాలు వెళ్లొస్తారు. ఆ డబ్బు నేరుగా ఇచ్చేస్తే ఏం పోయింది?

గంటస్తంభం_విజయనగరం:
130 పెద్ద దూరం కాదు. బ్రెవేల్లో, అంటే గడువు పెట్టి తొక్కించే దూరపు సైకిల్ యాత్రల్లో, 200 కిలోమీటర్లకి 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు. కాకపోతే జనవరిలో ఈశాన్యం గాలి ఎదురు కొడుతుంది, టెక్కలి దాటాక తెలుస్తుంది. ట్యూబులు రెండేసి పెట్టుకోండి.

వంశధార_రైడర్:
కొబ్బరితోట గారూ, ఇమ్మంటే ఎవరిస్తారు చెప్పండి. పోయినేడు వాట్సాప్‌లో నాలుగు గ్రూపుల్లో అడిగాను. వచ్చింది 4,000. ఆర్నెల్ల తర్వాత సైకిల్ తొక్కుతున్నానంటే అదే మనుషులు 38,000 ఇచ్చారు. మనం ఒళ్లు హూనం చేసుకుంటున్నామంటేనే జేబులో చెయ్యి పెడతారు. జెర్సీ సోకు కోసం కాదు. పొద్దున్నే మంచులో హైవే మీద లారీవాడికి కనపడాలి. నరసన్నపేట దాటాక ఒకసారి లారీ నన్ను రాసుకుంటూ పోయింది, మట్టిలోకి దిగిపోయాను. మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది.

ఉద్దానం_కొబ్బరితోట:
కనపడాలంటే పాత తెల్ల చొక్కా మీద రేడియం స్టిక్కర్ అంటించుకోండి. నలభై రూపాయలు.

టెక్కలి_మాస్టారు:
బాబూ, ఇద్దరూ చొక్కా దగ్గరే ఆగిపోయారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు రోడ్డుకి అడ్డంగా పడి కార్లు కదల్లేదు. సైకిళ్లు భుజానికెత్తుకుని చెట్లు దాటి వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లలోకి మంచినీళ్లు మోశాం. సైకిల్ మీద వెళ్లినవాడితో జనం మాట్లాడతారు. కారు అద్దాల వెనకున్నవాడితో మాట్లాడరు.

ఉద్దానం_కొబ్బరితోట:
మాస్టారూ, అప్పుడు మీరు నీళ్లు తెచ్చారు. ఇప్పుడు వచ్చేవాళ్లు ఫొటో తీసుకుపోతున్నారు. పోయిన వేసవిలో ఒక బృందం మా ఇంటికి వచ్చింది. నాన్న ఎడమచేతికి ఫిస్టులా ఉంది, డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు. నరం తాడులా ఉబ్బి ఉంటుంది, వేలు ఆనిస్తే లోపల తేనెటీగలు తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. ఆ చెయ్యి పైకెత్తమన్నారు. ఎత్తారు. వెలుతురు చాల్లేదని మళ్లీ ఎత్తమన్నారు. బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చి వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

డ్యూటీ_సిస్టర్:
నేను డయాలసిస్ వార్డులో పనిచేస్తాను. వైద్యం ఉచితమే, డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 పింఛనూ వస్తోంది. అయినా మెషీన్ మీద నాలుగు గంటలు, దారిలో గంటలు. తోడు వచ్చినవాళ్లకి ఆరోజు కూలి పోతుంది. ఆటో ఖర్చు దొరక్క వారంలో ఒకటి మానేసి, కాళ్లు వాచి, ఆయాసంతో అర్ధరాత్రి వచ్చేవాళ్లని చూస్తున్నాను. డబ్బు ఎలా వచ్చినా ఆటోకి చేరితే చాలు.

వంశధార_రైడర్:
ఎవరో ఫొటో తీశారని నన్ను నిలబెట్టి అడుగుతారేమిటండీ? నేను బిస్కెట్లు పంచేవాణ్ని కాదు. మీకు సాయం వద్దనుకుంటే చెప్పండి, వేరే ఊరివాళ్లకి ఇస్తాం. అంతేగానీ చెయ్యబోయే పనికల్లా అడ్డం పడితే ఎవరు ముందుకొస్తారు?

ఉద్దానం_కొబ్బరితోట:
వద్దని ఎప్పుడన్నాను? మీరు జెర్సీ బొమ్మ గ్రూపులో పెట్టారు, చూశాను. వీపు మీద రెండు కిడ్నీలు, కింద పెద్ద అక్షరాలతో 'ఉద్దానం'. మా చెల్లికి రెండు సంబంధాలు ఊరి పేరు చెప్పగానే వెనక్కి పోయాయి. రెండోవాళ్లయితే మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టలేదు, బాటిల్ తెచ్చుకున్నారు. అమ్మ ఇచ్చిన గ్లాసు అలాగే ఉండిపోయింది. ఉద్దానం అంటే ఉద్యానవనం అని చిన్నప్పుడు చెప్పేవారు. కొబ్బరికి, పనసకి పేరు. ఇప్పుడు ఆ పేరెత్తితే జబ్బే గుర్తొస్తోంది. ఆ బొమ్మ వేసుకుని 32 మంది మా వీధిలో తిరిగితే మా ఇళ్లకి పిల్లనెవరిస్తారు, మా పిల్లనెవరు చేసుకుంటారు?

పలాస_జీడిపప్పు:
మా మేనకోడలిదీ ఇదే కథ.

వంశధార_రైడర్:
అన్నా, ఆ మాట మొదటే చెప్పాల్సింది. నేనొకటి చెప్తాను. మా అమ్మది సోంపేట. 2017లో పోయింది. కాళ్లు వాస్తుంటే ఉప్పు తగ్గించమన్నాం, నీరసమంటే వయసన్నాం. జబ్బని తెలిశాక కూడా అక్క పెళ్లయ్యేదాకా బయటికి పొక్కనివ్వలేదు, తెలిసినవాళ్లు కనపడతారని ఆసుపత్రికే తీసుకెళ్లలేదు. రక్తపరీక్ష చేయించేసరికి క్రియాటినిన్ 9 దాటింది, అంటే కిడ్నీలు దాదాపు పోయినట్టే. దాచి చంపుకున్నామని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే పేరు పెద్దగా రాయించాను.

ఉద్దానం_కొబ్బరితోట:
అమ్మగారి గురించి తెలీదు, ఏమనుకోకండి. కానీ పేరు రాసుకుని మీరు ఆదివారం సాయంత్రానికి శ్రీకాకుళం వెళ్లిపోతారు. ఆ పేరుతో మేం సోమవారం కూడా ఉండాలి. మా ఊళ్లో ఎవరూ దాచడం లేదు, ప్రతి వీధిలో ఉంది కదా. మేం చెప్పుకోవడం వేరు, మీరు వీపు మీద వేసుకుని తిరగడం వేరు.

డ్యూటీ_సిస్టర్:
పరీక్షకి రమ్మంటే రాత్రి పూట వస్తామనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇద్దరి మాటా నిజమే.

గంటస్తంభం_విజయనగరం:
హైవే మీదే వెళ్లి రావచ్చుగా? ఊళ్లలోకి దిగడమెందుకు?

వంశధార_రైడర్:
ఎవరికి ఆటో కావాలో హైవే మీద ఎలా తెలుస్తుంది?

కిడ్నీల బొమ్మ ఆపమని ప్రింటింగ్ అతనికి ఇప్పుడే ఫోన్ చేశాను. ఉద్దానం పేరు తీయించడానికి మాత్రం మనసు రావడం లేదు. అన్నా, ఈసారి నాన్నగారిని తీసుకెళ్లే ఆటోలో చోటుంటే నేనూ వస్తాను. డ్రైవర్లతో నెలకింతని మాట్లాడాలి. చొక్కా సంగతి దారిలో మాట్లాడుకుందాం.

ఉద్దానం_కొబ్బరితోట:
మంగళవారం పొద్దున్న 6కి బయల్దేరతాం. ఫొటోలు మాత్రం వద్దు.