జనగణన బి-28 పట్టికతో గ్రావిటీ మోడల్ కాలిబ్రేట్ చేయొచ్చా?

నమస్కారమండీ. మాది విజయనగరం. ఎంటెక్ ప్రాజెక్టు కోసం విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు ప్రయాణాల డిమాండ్ మోడల్ తయారు చేస్తున్నాను. ఇంటింటి సర్వేకి డబ్బుల్లేక 2011 జనగణన బి-28 పట్టికను పట్టుకున్నాను.

చిక్కేమిటంటే, అందులో పనికి ఎంత దూరం వెళ్తున్నారో, దేనిమీద వెళ్తున్నారో ఉంది గానీ ఎక్కడికో లేదు. 11-20 కిలోమీటర్లు, బస్సు అని ఉంటే ఆ మనిషి విజయనగరం వచ్చాడో, పైడిభీమవరం ఫ్యాక్టరీకి పోయాడో ఎలా చెప్పడం? పైగా రైతులు, వ్యవసాయ కూలీలు ఆ పట్టికలో లేరు. మన వైపు వాళ్లను వదిలేస్తే మిగిలేదెంత!

నా ఆలోచన ఇది: మండలాల మధ్య ట్రిప్పులు గ్రావిటీ మోడల్‌తో (జనం, ఉద్యోగాలు ఎక్కువుంటే ట్రిప్పులు ఎక్కువ, దూరం పెరిగితే తక్కువ అనే లెక్క) పంచి, వచ్చిన దూరాల పంపిణీ బి-28లోని దూరాల వర్గాలతో సరిపోయేదాకా ఘర్షణ గుణకాలు (దూరాన్ని బట్టి ట్రిప్పులు ఎంత తగ్గుతాయో చెప్పే అంకెలు) మార్చడం, అంటే మోడల్‌ను కాలిబ్రేట్ చేయడం. ఉద్యోగాలకు 2013 ఆర్థిక గణన తీసుకుంటాను.

జిల్లాల హద్దులు 2022లో మారాయి కదా, రాజాం ఇటొచ్చింది, పార్వతీపురం, పాలకొండ మన్యం జిల్లాకు పోయాయి. అందుకే పాత హద్దులే ఉంచాను.

అసలు సందేహం: రోజూ రైల్లో విశాఖ వెళ్లొచ్చేవాళ్లు 51 కిలోమీటర్లు, ఆపై అన్న వర్గంలో పడతారు. దానికి పైహద్దు లేదు. సగటు దూరం ఎంతని తీసుకోవాలి? విశాఖను బయటి జోన్‌గా (మోడల్ ప్రాంతానికి అవతలి చోటుగా) పెట్టి ఈ వర్గాన్ని కాలిబ్రేషన్ నుంచి తీసేస్తే తప్పా? ఇలాంటిది చేసినవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.